ముందు సైకిళ్లను లెక్కపెట్టండి

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రం. మా పాప తొమ్మిదో తరగతి. బడి రెండున్నర కిలోమీటర్లు, సైకిల్ మీదే వెళ్తుంది. పోయిన నెల ఒక లారీ హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. పాప పడిపోయి ఎడమ చేయి విరిగింది. మావారు ఇక సైకిల్ వద్దు, ఆటో మాట్లాడేద్దాం అంటున్నారు. పాప ససేమిరా అంటోంది. ఊళ్లో సైకిళ్లకు వేరే దారి వేయమని నేనూ, మరో ఇద్దరు తల్లులూ ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. మూడు వారాలైంది, పలికినవాళ్లు లేరు. మాలాంటివాళ్లు అడిగితే రోడ్లు మారతాయా మేడమ్? – ఒక తల్లి

జవాబు: మారతాయమ్మా. మారడం నేను చూశాను.

ఇరవై రెండేళ్లు బ్యాంకు ఉద్యోగానికి సైకిల్ మీదే వెళ్లాను. మా దారిలో రోడ్డు ఎడమ అంచున వాన నీళ్ల కాలువ మీద ఒక ఇనప జాలీ ఉండేది. దాని కమ్మీలు అడ్డంగా కాకుండా బండి వెళ్లే దిక్కుకే బిగించారు. కారు చక్రానికి, స్కూటర్ చక్రానికి అదేం చేయదు. నా సైకిల్ ముందు చక్రం మాత్రం రెండు కమ్మీల మధ్య సరిగ్గా ఇరుక్కుంది. నేను హ్యాండిల్ మీదుగా ముందుకు పడ్డాను. గడ్డం మీద ఆరు కుట్లు. వెనక బస్సు లేదు కాబట్టి ఈ రోజు మీకు రాయగలుగుతున్నాను.

ఆ జాలీ గురించి మూడుసార్లు ఒక ఆఫీసుకి వెళ్లి నోటితో చెప్పాను. ‘చూస్తాం’ అన్నారు. నాలుగోసారి కమ్మీల సందులో స్కేలు పెట్టి ఫొటో తీశాను. పక్కనున్న కరెంటు స్తంభం నంబరు రాశాను. రోజూ ఆ అంచునే వెళ్లే పాలబ్బాయి, ఇద్దరు వాచ్‌మెన్లు, ఇళ్లలో వంట చేసే ఒకావిడ సంతకాలు పెట్టారు. ‘జాలీని తిప్పి, కమ్మీలు రోడ్డుకి అడ్డంగా వచ్చేలా బిగించండి’ అని ఒకే ఒక్క కోరిక రాశాం. నెల తిరక్కుండా ఒక వెల్డర్ వచ్చి గంటలో పని ముగించాడు.

మీ అర్జీలో ‘ఊళ్లో సైకిళ్లకు వేరే దారి’ అని అడిగారు. న్యాయమైన కోరికే. కానీ ఆ కాగితం అందుకున్న మనిషికి రేపు పొద్దున ఏం చేయాలో తెలియదు. పాప పడిన చోటు నుంచి బడి గేటు దాకా, ఆ ఒక్క ముక్క గురించే అడగండి. బడి వేళల్లో లారీలు ఆ రోడ్డులోకి రాకుండా పోలీసులు ఆంక్ష పెట్టగలరు. గేటుకి రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు, అంచున గుంతలు పూడ్చడం, ఆగి ఉండే ఆటోలను పక్కకి జరపడం, ఇవన్నీ వారాల్లో అయ్యే పనులు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. మంగళ, బుధవారాల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఆ మలుపు దగ్గర ఇద్దరు కూర్చుని, వెళ్లే సైకిళ్లను లెక్కపెట్టండి. నోటుపుస్తకంలో నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఆడపిల్లలు, మగపిల్లలు, పనికి వెళ్లేవాళ్లు, ఇలా మూడు వరసలు చాలు. మా కూడలిలో ముప్ఫై ఉంటాయేమో అనుకున్నాను. 183 వచ్చాయి! సైకిళ్లు ఎవరు తొక్కుతున్నారండీ అన్న అధికారి ముందు ఆ పేజీ పెడితే కాసేపు మాట్లాడలేదు. 2011 జనాభా లెక్కల్లోనే, వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులకు వెళ్లేవాళ్లలో నూటికి 13 మంది సైకిల్ మీదే వెళ్తున్నామని చెప్పారు. తెల్లవారుజామున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాళ్లు ఆఫీసు వేళల్లో ఎవరి కంటా పడరు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. పోలీసు కేసు పెట్టారా? చాలామంది ఆసుపత్రి ఖర్చు తీసుకుని రోడ్డు మీదే రాజీ పడిపోతారు. మీ కష్టం తెలియక అనడం లేదు. కానీ కేసు లేకపోతే ఆ ప్రమాదం జరగనట్టే లెక్క. జాతీయ రహదారుల మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు అయిదు నమోదైతే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. పాప ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీ భద్రంగా పెట్టండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల, చూసుకోకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అర్జీలో ఆ సెక్షన్ పేరు రాయండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజున ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆఫీసుకైతే రూ.10. ‘మా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం చేశారు’ అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

నెదర్లాండ్స్ అంటే సైకిళ్ల దేశం అనుకుంటాం. అక్కడా 1971లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు 1972లో ‘పిల్లల హత్య ఆపండి’ అని రాశాడు. తల్లిదండ్రులు ఆ మాటనే పేరుగా పెట్టుకుని రోడ్ల మీద బైఠాయించారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే సైకిల్ దారుల వెనక ఆ తల్లిదండ్రులున్నారు. ఇక్కడ హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. నేనూ తొక్కాను, హాయిగా ఉంది. బడికి వెళ్లే పిల్లలకీ, డ్యూటీకి వెళ్లే వాచ్‌మెన్‌కీ అలాంటి నీడ వాళ్లు వెళ్లే దారిలో ఎప్పుడు వస్తుందా అని తొక్కినంతసేపూ అనిపించింది.

మీవారి భయాన్ని కొట్టిపారేయకండి. చేయి నయమయ్యేదాకా ఆటోలోనే పంపండి. ఈలోగా లారీలు రాని వెనక సందుల దారి ఉందేమో మీరిద్దరూ నడిచి చూడండి. అర కిలోమీటరు ఎక్కువైనా పర్వాలేదు. ఆ ఇద్దరు తల్లులతో కలిసి లెక్క రాశాక ఆ పేజీ ఫొటో, కొత్త అర్జీ చిత్తుప్రతి నాకు పంపండి. సోమవారంలోగా చూసి పంపిస్తాను.