బ్యాంకు మేనేజరుగా రిటైరైన నాన్నగారి జ్ఞాపకంగా స్మారక సంచిక, బడిలో బహుమతి: ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు పనులు. 1976లో ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి, 2014లో మేనేజరుగా రిటైరైన నాన్నగారి మీద సంవత్సరీకం నాటికి ఓ చిన్న పుస్తకం. ఆయన చదివిన హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి ఏటా ఆయన పేరిట బహుమతి. ఇలాంటి సంచికలు చాలా కూర్చాను, ఎక్కడ దెబ్బతింటాయో తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు వ్యాసాలు అడక్కండి. బీరువాలో కాగితాలు తీయండి: నియామకపు ఉత్తర్వు, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు, ప్రమోషన్ లెటర్లు, పెన్షన్ కాగితాలు. వాటితో ఏ సంవత్సరం, ఏ బ్రాంచి, ఏ హోదా అని పట్టిక రాసుకుని, పక్కన ఒక గడి ఖాళీగా వదలండి. దాన్ని నింపేది మీ అమ్మగారు. "1987లో ఎక్కడున్నారు?" అంటే ఆవిడకి గుర్తు రాదు. "పెద్దాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు ఎవరింట్లో అద్దెకున్నాం?" అని అడగండి, ఇంటివాళ్ళ పేరుతో సహా చెబుతారు. బ్యాంకు ఉద్యోగి కుటుంబానికి కాలం లెక్క అద్దె ఇళ్ళతోనే. పిల్లల చదువు కోసం మీరంతా ఒక ఊళ్ళో ఆగిపోయి, ఆయన ఒక్కరే వేరే ఊళ్ళో ఉన్న సంవత్సరాలు ఉంటే వాటినీ రాయండి. ఎన్ని గంటలకి బస్సెక్కేవారు, ఆదివారం ఇంటికొచ్చి ఏం చేసేవారు అన్నవి చెబితే చాలు, కుటుంబం మీద ప్రేమ గురించి వేరే పేరా అక్కర్లేదు.

చరిత్రలో తప్పులు పడేది ఇక్కడే. ఆయన చేరేనాటికి ఆంధ్రా బ్యాంకు జాతీయం కాలేదు. 1969లో చేసిన 14 బ్యాంకుల్లో అది లేదు, 1980 ఏప్రిల్ 15న చేసిన ఆరింటిలో ఉంది. అంచేత "1976లో ప్రభుత్వ బ్యాంకులో చేరారు" అని రాయకూడదు. యూనియన్ బ్యాంకులో కలిసింది 2020 ఏప్రిల్ 1న, కాబట్టి ఆయన రిటైరైంది ఆంధ్రా బ్యాంకు నుంచే. క్లోజింగ్ రాత్రుల గురించి ఎవరైనా రాస్తే తేదీ చూడండి. ఎనభయ్యో దశకం చివరిదాకా బ్యాంకుల వార్షిక ముగింపు డిసెంబరు 31, ఆ తరవాతే మార్చి 31.

సహోద్యోగులకి "నాలుగు మాటలు రాయండి" అంటే నాలుగు విశేషణాలే వస్తాయి: నిజాయితీపరులు, మృదుభాషి, క్రమశిక్షణకి మారుపేరు. పేరు తీసేస్తే అది ఎవరికైనా సరిపోతుంది. ప్రశ్నలు పంపండి. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఆయన ఏం చేసేవారు? చదువురానివాళ్ళు కౌంటరు దగ్గరికొస్తే ఫారం ఎవరు నింపేవారు? కొత్తవాళ్ళకి ముందు ఏ పని అప్పజెప్పేవారు? రాయలేనివాళ్ళకి ఫోన్ చేసి, అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. ఇరవై నిమిషాల మాటల్లో రెండు పేజీలు వస్తాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది అప్పుల సంగతి. "రూల్స్ పక్కనపెట్టి అప్పిచ్చి ఆదుకున్నారు" అని ప్రేమతోనే రాస్తారు, కానీ బ్యాంకు మనిషికి అది పొగడ్త కాదు, అభియోగం. ఆ మాట కనిపిస్తే రాసినవారికే ఫోన్ చేసి, అసలేం జరిగిందో అడగండి. చాలాసార్లు రూలు తప్పి ఉండరు. ఏ కాగితం తక్కువైందో చెప్పి, దాన్ని తెచ్చుకునే దారి చూపించి ఉంటారు. అదే రాయించండి, ఆయన గొప్పతనం అందులోనే ఉంది. ఖాతాదారుల పేరు, అప్పు మొత్తం మాత్రం అచ్చులో రాకూడదు. ఆ గోప్యతని ఆయన ఉద్యోగం పొడుగునా కాపాడారు, పోయాక మనం పోగొట్టకూడదు. అప్పు తీసుకున్న మనిషే తన పేరుతో తన కథ రాస్తే సరే.

రిటైరయ్యాక చేసిన సేవకి ఆయన డైరీలు, రసీదు పుస్తకాలే ఆధారం. గుడి కమిటీ లెక్కలు ఎన్నేళ్ళు చూశారు, నవంబరులో పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్లు, ఏప్రిల్లో వడ్డీ మీద పన్ను కోయకుండా ఇచ్చే 15హెచ్ ఫారాలు ఎక్కడ కూర్చుని నింపేవారు అన్నవి పని పేరుతోనే రాయండి. "సమాజసేవ" అనే మాట ఒక్కసారి వస్తే చాలు.

అచ్చు విషయం. డెమీ 1/8 సైజులో ఫారానికి, అంటే ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి, 16 పేజీలు. 48 పేజీలంటే సరిగ్గా మూడు ఫారాలు, 50 అయితే రెండు పేజీల కోసం ఖర్చు పెరుగుతుంది. లోపల 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మధ్యలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్నింగ్ సరిపోతాయి. పాత ఫొటోలని ఫోనుతో తీయకుండా స్కాన్ చేయించండి: మామూలు సైజుకి 300 డీపీఐ, పాస్‌పోర్ట్ సైజుని పెద్దది చెయ్యాలంటే 1200. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మీరు యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసాన్ని డీటీపీవాళ్ళు యూనికోడ్ కాని "అను" ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, పొల్లులు చెదురుతాయి. అంచేత మార్చిన తరవాతే ప్రూఫు చూడాలి, అదీ కాగితం మీద. పేర్లు, ఇంటిపేర్లు, తేదీలు మాత్రమే చూస్తూ ఇంకోసారి చదవండి.

ఇక బహుమతి. బ్యాంకు డిపాజిట్టు వడ్డీతో ఏటా 10,000 రూపాయలు ఇవ్వాలంటే 1,50,000 చాలదు, 6.5 శాతం మీద 9,750 వస్తుంది. 2,00,000 వేస్తే 13,000 వస్తుంది. మొదటి బహుమతి 6,000, రెండోది 4,000 ఇచ్చి, మిగిలిన 3,000 అసలులో కలపండి. రేటు 5 శాతానికి పడినా పని ఆగదు. వడ్డీ ఏడాదికోసారి చేతికొచ్చే డిపాజిట్టే తీసుకోండి, వడ్డీ అసలులో కలుస్తూ గడువు చివర్లో చేతికొచ్చే క్యుములేటివ్ వద్దు. అది అమ్మగారి ఒక్కరి పేరునే ఉంటే వడ్డీ ఆవిడ ఆదాయంలో కలుస్తుంది, ఆవిడ తరవాత డబ్బు వారసులకి పోయి బహుమతి ఆగిపోవచ్చు. ఊళ్ళో నమ్మకమైన రిజిస్టర్డ్ ట్రస్టు ఉంటే షరతులు రాయించి దానికే అప్పజెప్పడం నయం. మార్కులు సమానమైతే ఏం చెయ్యాలో, హెడ్‌మాస్టరు మారితే ఎవరు గుర్తు చెయ్యాలో ఒక పేజీ రాసి బడిలో ఒక ప్రతి ఉంచండి.

తేదీకి తిథి పెట్టుకోకండి. అది ఏటా మారుతుంది, సెలవుల్లో పడొచ్చు. ఆగస్టు 15 పెట్టుకోండి. ఫలితాలు అప్పటికి వచ్చేసి ఉంటాయి, ఊరంతా బడి దగ్గరే ఉంటుంది. గెలిచిన పిల్లలు మాత్రం అప్పటికే ఇంటర్‌లో చేరి ఉంటారు, కాబట్టి జులైలోనే ఫోన్ చేసి పిలవాలి.