ఎందరిలో ఎందరికి?

చి. కిరణ్‌కి, పెద్దమ్మ ఆశీస్సులు.

విజయనగరంలో మెడికల్ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పుడే అనుకున్నాను, ఈ ప్రశ్న నా దాకా వస్తుందని. "అనాటమీ, ఫిజియాలజీ సరే పెద్దమ్మా, ఈ కమ్యూనిటీ మెడిసిన్ మొదటి ఏడాది నుంచే ఎందుకు? ఏది చదవాలి, ఏది వదిలెయ్యొచ్చు?" అన్నావు. వదిలెయ్యొచ్చా అని అందరూ అడిగేది ఊరి జనమంతటి ఆరోగ్యాన్ని చదివే ఆ ఒక్క సబ్జెక్టు గురించేలే. నేను ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని, డాక్టర్ని కాను. కానీ పీహెచ్‌సీకి కొత్తగా వచ్చిన డాక్టర్లు ఎక్కడ తడబడతారో పక్కనుండి చూశాను. ఏ వరసలో చదివితే బాగుంటుందో నాకు తోచింది చెబుతాను. పరీక్షకి మాత్రం మీ సార్ల మాటే విను.

రోగాల పేర్ల జోలికి వెళ్ళకముందు లెక్క నేర్చుకో. పెద్ద గణితమేం అక్కర్లేదు. ఫలానా ఊళ్ళో జబ్బు ఎక్కువగా ఉందని ఎవరైనా అంటే, ఎందరిలో ఎందరికి, ఎన్నాళ్ళలో అని అడగడం అలవాటు కావాలి. అంతే.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా కిడ్నీ మాటే. రోగులు పెరిగారని పేపర్లో వస్తుంది. ఎలా పెరిగారు? నిజంగానే కొత్తగా ఎక్కువమందికి వస్తుండొచ్చు. లేదంటే ఊరూరా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు పెట్టడం వల్ల ఇన్నాళ్ళూ తెలియకుండా తిరుగుతున్నవాళ్ళు బయటపడి ఉండొచ్చు. ఇంకోటి జనానికి చప్పున తట్టదు. డయాలసిస్ అందుబాటులోకి వచ్చాక, ఇదివరకైతే నెలల్లో పోయేవాళ్ళు ఇప్పుడు ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. వాళ్ళంతా లెక్కలో ఉంటారు కదా. కొత్తగా జబ్బు పడేవాళ్ళు అంతే ఉన్నా మొత్తం రోగుల సంఖ్య పెరుగుతుంది, అదీ వైద్యం మెరుగుపడినందుకు. మీ పుస్తకంలో కొత్త కేసుల లెక్కని ఇన్సిడెన్స్ అనీ, ఉన్న కేసులన్నిటి లెక్కని ప్రివలెన్స్ అనీ అంటారు. ఆ రెండు నిర్వచనాలూ బట్టీ పడితే వారంలో మరిచిపోతావు. పలాస కిడ్నీ ఆసుపత్రి గుర్తుపెట్టుకుని చదివితే ఎప్పటికీ మరిచిపోవు.

రేటు కట్టేటప్పుడు కింద వేసే సంఖ్య, అంటే ఎందరిలో అన్నది, చిన్నదైతే ఎంత మోసం చేస్తుందో కూడా చూడు. మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీ కింద 30 వేల జనాభా ఉండాలని లెక్క, కొండల్లో అయితే 20 వేలు. వెయ్యికి 15 కాన్పులు అనుకుంటే మైదానంలో ఏడాదికి 450. ఒక ఏడు ఒక్క బాలింత చనిపోయిందనుకో, లక్ష కాన్పులకి లెక్కగడితే 222. మరుసటి ఏడు ఎవరూ పోలేదు, సున్నా. ఆ పీహెచ్‌సీ ఒక ఏడు ఘోరంగానూ మరో ఏడు అద్భుతంగానూ పనిచేసిందా? లేదు. అందుకే మాతృ మరణాల రేటుని రాష్ట్రం మొత్తానికి, అదీ మూడేళ్ళు కలిపి చూస్తారు. ఊరి స్థాయిలో రేటు కంటే ఆ ఒక్క చావు ఎందుకు జరిగిందో, బండి ఎంతసేపటికి వచ్చిందో, ఎక్కడ ఆలస్యమైందో కూర్చుని మాట్లాడుకోవడమే పనికొస్తుంది. రివ్యూ మీటింగుల్లో పెద్ద ఆఫీసర్లకే ఈ తేడా గుర్తుండదు, నీకైనా ఉండనీ.

లెక్క తర్వాత, జబ్బు ఎలా అంటుకుంటుందన్నది. ఇక్కడ లండన్ కలరా కథ చెబుతారు. 1854లో జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగి చావుల వివరాలు కనుక్కుని, బ్రాడ్ స్ట్రీట్ పంపు హ్యాండిల్ తీయించాడని. అందరూ హ్యాండిల్ దగ్గరే ఆగిపోతారు. అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందని స్నో తనే రాసుకున్నాడు. నాకు నచ్చేది, ఆ వీధిలోనే ఉన్న బీరు ఫ్యాక్టరీకి ఆయన వెళ్ళడం. అక్కడి పనివాళ్ళలో ఎవరూ చావలేదు. వాళ్ళకి సొంత బావి ఉంది, తాగడానికి బీరు ఉంది, పంపు నీళ్ళతో పనిలేదు. జబ్బు రానివాళ్ళనీ అడగాలన్నమాట. రాబర్ట్ కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త కలరా క్రిమిని గుర్తించింది ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, 1883-84లో. క్రిమి తెలియకముందే నీళ్ళ మీద చర్య తీసుకోవచ్చని అర్థమైంది కదా. ఉద్దానంలోనూ అంతే. నీళ్ళలో సిలికా అన్నారు, లోహాలు అన్నారు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు అన్నారు. ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలోనూ పొలాల్లో పనిచేసేవాళ్ళకి ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా వాదన నడుస్తూనే ఉంది. తేలేదాకా ఆగకుండా హిరమండలం రిజర్వాయర్ నీళ్ళు పైపుల్లో తెచ్చారు. నీళ్ళు మారాక జబ్బు తగ్గిందో లేదో చెప్పాలంటే ఏయే లెక్కలు కావాలి? ఇది నువ్వు కాగితం మీద రాసి నాకు పంపు. హోంవర్క్ అనుకో.

బోదకాలు చదివేటప్పుడు కాస్త ఆగి చదువు. మన రెండు జిల్లాల్లో పాత తరంవాళ్ళ కాళ్ళు చూసే ఉంటావు. మేం నైట్ బ్లడ్ సర్వేకి వెళ్ళేవాళ్ళం. బోదకాలు క్రిములు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని రాత్రి పైకి వస్తాయి, కుట్టే క్యూలెక్స్ దోమా రాత్రిదే. అందుకని ఎనిమిదిన్నర దాటాకే స్లైడ్లు తీయాలి. పొలం నుంచి వచ్చి ఇంత అంబలి తాగి నడుం వాల్చినవాడిని లేపి, టార్చి వెలుగులో వేలు పొడిచి మూడు గీతలుగా నెత్తురు పూయాలి. కుక్కలు ఒకటే అరుపు. ఏ తిట్లు తింటామో మా మలేరియా వర్కర్‌కి ముందే తెలుసు, ముసలమ్మలున్న ఇంటికి నన్ను ముందు పంపేవాడు.

బోదకాలు పోగొట్టడానికి ఊరందరికీ ఇచ్చే మాత్రల పంపిణీలో అసలు కిటుకు ఉంది. డీఈసీ మాత్ర తెలుసుగా, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం పనితో వచ్చిన మందు. ఏ బాధా లేనివాడికి మాత్ర ఇస్తే ఎందుకు మింగుతాడు? మింగాక జ్వరం వస్తే, మందు పడలేదని ఊరంతా చెబుతాడు. నిజానికి ఒంట్లో క్రిములు చస్తున్నప్పుడే అలాంటి జ్వరం, తలనొప్పి ఎక్కువగా వస్తాయి. ఈ ముక్క ముందే చెప్పిన ఊళ్ళో రెండోసారి తలుపులు తీశారు, చెప్పని చోట మొహం మీద వేశారు. పైగా చేతిలో పెట్టి వచ్చేసిన మాత్రలని, మింగినవాటిని ఒకే గడిలో రాసే రిపోర్టులు ఉంటాయి. వాటిని నమ్మకు. తాళం వేసిన ఇళ్ళు కూడా లెక్కలోంచి మాయమవుతాయి. మన మత్స్యకారులు గుజరాత్ వైపు వేటకి పోతారు, కూలీలు హైదరాబాద్ పోతారు. వాళ్ళు ఊరి జనాభాలో ఉన్నట్టా, లేనట్టా?

బావి క్లోరినేషన్ ఒక్కసారైనా చేత్తో చెయ్యి. తిత్లీ తుపాను లాంటిది వచ్చాక ఇదే ముందు పని. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీళ్ళుంటే సుమారు 9,400 లీటర్లు. బ్లీచింగ్ పొడి మంచిదైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాములు చాలు. బురదనీళ్ళకి ఇంకా పడుతుంది. మూతి విప్పి వదిలేసిన బస్తాలో పొడికి బలం ఉండదు, అది గుప్పెళ్ళతో చల్లినా దండగే. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైనీళ్ళే బావిలోకి దించాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో పడకూడదు. గంట ఆగి, నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో చూపే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు చూడాలి. సాయంత్రం అందరూ తోడుకున్నాక వేస్తే తెల్లారేసరికి వాసన తగ్గుతుంది, గొడవ ఉండదు.

టీకాల షెడ్యూలు, కమిటీల పేర్లు, జాతీయ కార్యక్రమాల సంవత్సరాలు పరీక్ష ముందు చూసుకోవచ్చు. మన దేశ ఆరోగ్య వ్యవస్థ మీద భోర్ కమిటీ నివేదిక 1946, ప్రాథమిక ఆరోగ్యం మీద ఆల్మా ఆటా సదస్సు 1978, ఈ రెండూ గుర్తుంటే మిగతావి వాటి చుట్టూ సర్దుకుంటాయి. ఏ బాధా లేనివాళ్ళలో జబ్బు వెతికే స్క్రీనింగ్ పరీక్షల భాగం మాత్రం కష్టంగా ఉంటుంది, అయినా దాటెయ్యకు. దానికీ ఎందరిలో ఎందరికి అన్నదే మూలం.

ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండమని మీకు ఊళ్ళో కుటుంబాలని దత్తత ఇస్తారట, మంచి పని. మొదటి రోజే ఫారం తెరవకు. కోతలప్పుడు ఉదయం వెళితే ముసలివాళ్ళు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు, సాయంత్రం వెళ్ళు. ఇంట్లో జబ్బుల చరిత్ర మగాళ్ళకి తెలియదు, నాయనమ్మని అడుగు. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, చూస్తున్నంతసేపూ మాట్లాడించకు. ఒకసారి ఎక్కువ వచ్చిందని జబ్బు పేరు పెట్టేసి టెన్షన్ పెట్టకు, మళ్ళీ వెళ్ళి చూడు. నీ చేతిలో లేనిది ఇప్పిస్తానని అస్సలు అనకు.

సిరిమానోత్సవం చూసుకుని ఇటు రా. మన వీధిలో ఇంటింటి సర్వే చేద్దువుగాని, నేను వెంట వస్తాను. తెల్లకోటు మాత్రం హాస్టల్లోనే వదిలిరా. అది చూస్తే ఇక్కడి పిల్లలు సూది వేస్తారని గోడ దూకి పారిపోతారు, పసివాళ్ళ లెక్క మళ్ళీ తప్పుతుంది.

ఇట్లు,
పెద్దమ్మ