ఫోర్ట్‌నైట్ స్కిన్లలో నాకు గుర్తుండిపోయినవి: భయపెట్టిన కవచం నుంచి మాగిన అరటిపండు దాకా

అడిగిన ప్రశ్న ఇది: ఫోర్ట్‌నైట్‌లో అన్నింటికంటే ఐకానిక్ స్కిన్లు ఏవి? అరుదుగా దొరికేవన్నీ ఐకానిక్ అయిపోతాయా? కొత్తవాళ్లకు ఒక మాట: ఒకరినొకరు కాల్చుకుంటూ, గోడలు కట్టుకుంటూ చివరిదాకా బతికినవాడు గెలిచే ఆన్‌లైన్ ఆట ఇది. స్కిన్ అంటే అందులో మన పాత్ర వేసుకునే వేషం.

ఒక్కటే చెప్పమంటే బ్లాక్ నైట్ అంటాను. అది నా దగ్గర లేదు. నేను చూసింది ఎప్పుడూ ఎదుటివాళ్ల ఒంటి మీదే.

నేను ఆట మొదలుపెట్టింది 2018 మార్చిలో. అప్పటికి మూడో సీజన్ నడుస్తోంది. బ్లాక్ నైట్ ఏమో రెండో సీజన్ బ్యాటిల్ పాస్‌లో చిట్టచివరి బహుమతి, 70వ టియర్ దాకా వెళ్లినవాళ్లకే దక్కింది. (బ్యాటిల్ పాస్ అంటే కొనుక్కుని, సీజన్ అంతా ఆడుతూ మెట్టుమెట్టుగా బహుమతులు గెలుచుకునేది. ఆ మెట్టే టియర్.) ఆ సీజన్ 2017 డిసెంబర్ 14న మొదలై ఫిబ్రవరిలో ముగిసిపోయింది. అంటే కొద్ది వారాల తేడాతో నాకు తప్పిపోయింది. తల నుంచి కాళ్ల దాకా నల్లటి ఉక్కు కవచం, వీపున డాలు. ఇప్పటి స్కిన్ల పక్కన నిలబెడితే పనితనం సాదాగానే కనిపిస్తుంది. కానీ అప్పట్లో అది కనబడితే నాకు అరచేతులు చల్లబడేవి.

ఒక ఆట ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరిద్దరం ఆడుతున్నాం. నా స్నేహితుడు అప్పటికే ఔటై, నా ఆట చూస్తూ హెడ్‌సెట్‌లో సలహాలు చెబుతున్నాడు. మ్యాప్‌లోని టిల్టెడ్ టవర్స్‌లో ఒక భవనం పై అంతస్తులో ఉన్నాను, చేతిలో పంప్ షాట్‌గన్. పక్క గదిలో పెట్టె మోగుతున్న సన్నని చప్పుడు. తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే ఒక బ్లాక్ నైట్ నాకు వీపు పెట్టి, ఆ పెట్టె తెరవబోతున్నాడు. మధ్య దూరం నాలుగు అడుగులు కూడా లేదు. ఆ దూరంలో పంప్ షాట్‌గన్ పేల్చితే గురి గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

"కాల్చరా!" అన్నాడు స్నేహితుడు.

నేను కాల్చలేదు. వెనక్కి అడుగులు వేసుకుంటూ మెట్లు దిగి పారిపోయాను. వాడు వెంటనే తిరిగి, నాలుగు గోడలు కట్టి, పైనుంచి దూకి నన్ను చంపేస్తాడని నా మనసు ముందే తీర్మానించేసింది. ఇంతా చేసి, కింద వీధిలోకి రాగానే ఏ స్కిన్ లేని డిఫాల్ట్ ఆటగాడొకడు మూల నుంచి వచ్చి ఒక్క దెబ్బకు నన్ను లేపేశాడు. పైగా నా వస్తువుల మీద నిలబడి, అందరికీ ఉచితంగా వచ్చే ఆ డిఫాల్ట్ డాన్స్ వేశాడు. ఈ ఆటలో చచ్చాక చంపినవాణ్ణి కాసేపు చూడవచ్చు కదా, నేను పూర్తిగా చూశాను. స్నేహితుడు ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నా దృష్టిలో ఐకానిక్ అంటే అదే. ఎదుటివాడు ఏమీ చేయకముందే వాడి స్కిన్ చూసి మనం ఏదో ఒకటి చేసేస్తాం: పారిపోతాం, రెచ్చిపోతాం, లేదంటే నవ్వేసి గురి తప్పుతాం. ఏ స్కిన్ వేసుకున్నా తూటా తగిలే కొలత ఒక్కటే, దెబ్బ ఒక్కటే, పరుగు ఒక్కటే. తేడా అంతా చూసేవాడి తలలో ఉంటుంది.

అరుదైనవన్నీ ఆ పని చేయలేవు. అందరూ ముందుగా చెప్పే రెనెగేడ్ రెయిడర్‌నే తీసుకోండి. మొదటి సీజన్‌లో 20వ లెవెల్‌కు చేరి, ఆపైన 1,200 వీ-బక్స్ (ఆటలోని డబ్బు) పెట్టినవాళ్లకే అది వచ్చింది. బ్యాటిల్ పాస్ అనేదే అప్పటికింకా లేదు. ఆట వచ్చిన కొత్త, ఎవరూ స్కిన్ల మీద పెద్దగా ఖర్చు పెట్టని రోజులు. అందుకే కొన్నవాళ్లు తక్కువ. తల మీద పాతకాలపు విమాన చోదకుల టోపీ పెట్టుకున్న సైనికురాలు, అంతే. దాన్ని చూస్తే నాకు భయం వేయదు, అసూయ వేస్తుంది. అది వేరే సంగతి. మ్యూజియంలో అద్దం వెనక ఉన్న వస్తువును చూసినట్టు ఉంటుంది.

స్కల్ ట్రూపర్ కథ మాత్రం రుచిగా ఉంటుంది. 2017 అక్టోబర్‌లో హాలోవీన్ కోసం షాపులో 1,500 వీ-బక్స్‌కు పెట్టారు. నల్లటి దుస్తుల మీద తెల్లగా గీసిన ఎముకలు, పుర్రె ముఖం. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు షాపులో కనిపించలేదు. ఆ ఏడాదిలోనే ఆట ప్రపంచమంతా పాకింది, కొత్తగా వచ్చినవాళ్లందరికీ అదొక పాత కాపు గుర్తుగా మారింది. 2018 అక్టోబర్‌లో తిరిగి వచ్చేసరికి ఆ రోజు లాబీలో (ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే చోట) ఎటు చూసినా పుర్రెలే! మొదటి ఏడాది కొన్నవాళ్లు నొచ్చుకోకుండా వాళ్లకు మాత్రం ఊదారంగులో మెరిసే ఎముకల రూపం ఇచ్చారు. నేను కూడా కొన్నాను, తెల్ల ఎముకలది. వేసుకున్న మొదటి ఆటలోనే ఊదా ఎముకలవాడు ఎదురయ్యాడు. ఒకే స్కిన్‌లో ఉన్నా, మా ఇద్దరిలో ఎవరు ఎవరో చూసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అంతవరకూ గొప్పగా అనిపించిన నా స్కిన్ ఒక్క నిమిషంలో నకలులా తోచింది.

మూడో సీజన్‌లో 100వ టియర్ బహుమతి ద రీపర్. నల్ల సూటు, టై, గడ్డం. దాని అసలు పేరుతో పిలిచినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. అందరూ "జాన్ విక్" అనేవాళ్లం, ఆ సినిమా పాత్ర పోలిక అంత బాహాటంగా ఉండేది. చివరికి 2019 మేలో అసలు జాన్ విక్ స్కినే షాపులోకి వచ్చింది. ముఖం అచ్చుగుద్దినట్టు ఉంది, అయినా అతన్ని చూసి ఎవరూ జంకలేదు. కారణం సులభం: దుకాణంలో కొనుక్కున్న సూటు అది. రీపర్ సూటు వెనక 100 టియర్ల ఆట ఉంది. టియర్లను కూడా వీ-బక్స్‌తో కొనేవాళ్లు ఉండేవారు కానీ, ఆ సంగతి పోరులో ఎవరికి గుర్తొస్తుంది?

ఇక నా సొంత గాయం, ఒమేగా. నాలుగో సీజన్ 2018 మే 1న మొదలైంది, దాని 100వ టియర్‌లో ఇది ఉంది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, టియర్లు పూర్తి చేస్తే స్కిన్ తొలి రూపం మాత్రమే చేతికొస్తుంది. కవచం ఒక్కొక్క ముక్కగా రావడానికి సీజన్ లెవెల్ పెంచుకోవాలి, మొత్తం కవచం కావాలంటే 80వ లెవెల్ చేరాలి. టియర్లు సవాళ్లతో వేగంగా వచ్చేస్తాయి, లెవెల్ మాత్రం గంటల తరబడి ఆడితేనే కదులుతుంది. నేను ఒమేగా చేతికి రాగానే పని అయిపోయిందనుకుని తీరిగ్గా ఆడాను. చివరి పది రోజుల్లో కళ్లు తెరిచి రాత్రింబవళ్లు ఆడితే 73 దగ్గర సీజన్ మూసుకుపోయింది. ఆ తర్వాత పెంచుకునే దారి లేదు. నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. దాంతో నా దుఃఖం ఏమీ తగ్గలేదు. ఒంటినిండా కవచం, దాని మీద ఎర్రగా వెలిగే లైట్లతో ఎవరైనా ఒమేగా ఎదురుగా పరుగెత్తుతుంటే, నా కన్ను ముందు ఆ వెలుగు మీదికే పోయేది, తర్వాతే తుపాకీ మీదికి.

మరో మాట. ఈ ఆటలో మనం మన పాత్రను వెనక నుంచే చూస్తాం. గంటల తరబడి మన కళ్ల ముందుండేది వీపు. ముఖం కనిపించేది లాబీలోనూ, డాన్స్ వేసేటప్పుడూ మాత్రమే. అందుకే వెనక నుంచి గుర్తుపట్టగలిగే స్కిన్లే మనసులో నిలుస్తాయి. ఐదో సీజన్‌లో వచ్చిన డ్రిఫ్ట్ దీనికి మంచి ఉదాహరణ. బ్యాటిల్ పాస్ కొన్న ప్రతివాడికీ మొదటి టియర్‌లోనే వచ్చేసింది, అంటే అరుదుతనం సున్నా. మొదట మామూలు టీ షర్టు కుర్రాడు. ఆడేకొద్దీ జపాన్ తరహా నక్క ముసుగు, ఆపైన చివర్లో పొడవాటి కోటు. ఆ కోటు వెనక ఎగురుతుంటే మనమే పెద్ద ఆటగాళ్లం అనిపించేది. నా మట్టుకు నాకు ఆ స్కిన్ వేసుకున్నప్పుడు గురి కూడా బాగా కుదిరేది. నమ్మకపోయినా పర్వాలేదు.

భయపెట్టే స్కిన్లు ఎప్పుడూ భారీగా ఉండాలనే నియమం కూడా లేదు. 2018 జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సమయానికి వచ్చిన జెర్సీ స్కిన్లు చూడండి. వీపున నచ్చిన అంకె, నచ్చిన దేశం రంగులు. చూడటానికి అంత సాదా స్కిన్ మరొకటి ఉండదు. అయినా ప్రతి ఆటనూ ఫైనల్ లాగా ఆడే స్వెట్ ఆటగాళ్లు వాటినే పట్టుకున్నారు. సన్నగా ఉంటాయి, తెరకు అడ్డం రావు. కొంతకాలానికి జెర్సీ కనబడితే చాలు, "వీడు క్షణంలో మేడ కట్టేస్తాడు" అని ముందే గోడ వేసుకునేవాళ్లం. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన సూపర్‌హీరో స్కిన్లదీ అదే దారి. రంగులు మనమే ఎంచుకోవచ్చు అన్నారు, జనం నిలువెల్లా తెలుపో నలుపో పూసేసుకుని నీడల్లో కలిసిపోయారు. చివరికి రంగుల ఎంపికకు పరిమితి పెట్టాల్సి వచ్చింది. తూటా కొలత మారకపోయినా కంటికి ఆనడంలో తేడా ఉంటుందని అప్పుడు ఒప్పుకోవాల్సి వచ్చింది. పైన నేను "తేడా అంతా తలలో" అన్నాను కదా, దానికి ఇదొక్కటి మినహాయింపు.

ఇంతవరకూ భయం గురించే చెప్పాను. నవ్వు సంగతికొస్తే పీలీని మించినది లేదు. ఎనిమిదో సీజన్, 2019, 47వ టియర్: మనిషంత అరటిపండు. చాలామంది గమనించని చిన్న వివరం ఒకటుంది. ఆట మొదట్లో పీలీ పచ్చిగా ఉంటాడు. సమయం గడిచేకొద్దీ పసుపు తిరుగుతాడు, ఆడే చోటు కుంచించుకుపోయే చివరి వలయాల దాకా బతికితే ఒంటి మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఒకసారి చివర్లో ముగ్గురం మిగిలాం. పొదలో దాక్కుని చూస్తుంటే ఎదురు కొండ మీద బాగా మాగిన అరటిపండు ఒకటి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి బతికి ఉన్నాడో ఒంటి మచ్చలే చెబుతున్నాయి. నవ్వు ఆపుకోలేక మౌస్ కదిలింది, తూటా పక్కకు పోయింది, పీలీ గెలిచాడు.

పీలీ కోర్టు దాకా కూడా వెళ్లాడు. 2021 మేలో ఎపిక్ గేమ్స్‌కూ ఆపిల్‌కూ మధ్య కాలిఫోర్నియాలో జరిగిన విచారణలో ఈ ఆట పాత్రలను తెర మీద చూపించారు. అందులో పీలీ సూటు వేసుకుని ఉన్నాడు. బట్టల్లేని అరటిపండు కంటే సూటులో ఉన్నదే న్యాయస్థానానికి తగినదని ఆపిల్ తరఫు న్యాయవాది చమత్కరించారు. ఆట ఎన్నడూ ఆడనివాళ్లు కూడా ఆ వారం అరటిపండు గురించి మాట్లాడుకున్నారు. ఇంకే స్కిన్‌కూ దక్కని గౌరవం అది.

మైడాస్‌ను వదిలేస్తే కొందరు ఒప్పుకోరు కాబట్టి అతనికి రెండు ముక్కలు. 2020 ఫిబ్రవరిలో మొదలైన సీజన్‌లో 100వ టియర్. గ్రీకు కథలోని రాజు లాగే, అతను పట్టుకున్న తుపాకీ బంగారంగా మారుతుంది. చాలా మంచి ఆలోచన. చంపినవాడి చేతిలో బంగారు తుపాకీ చూసి చచ్చిన బాధ కొంత తగ్గేది.

సినిమాల నుంచి, కామిక్స్ నుంచి, సంగీత ప్రపంచం నుంచి వచ్చిన స్కిన్లను నా జాబితాలో పెట్టలేదు. అవి బాగోలేవని కాదు. 2020 ఏప్రిల్‌లో ట్రావిస్ స్కాట్ కచేరీ తొలి ప్రదర్శనకు 1.23 కోట్ల మంది ఒకేసారి వచ్చారు, ఆ ఆకాశమంత మనిషిని నేనూ నోరు తెరుచుకుని చూశాను. కానీ వాళ్ల పేరు బయట ఎప్పుడో స్థిరపడింది, ఇక్కడికి అతిథులుగా వచ్చారు. పీలీకీ బ్లాక్ నైట్‌కూ ఈ ఆట తప్ప వేరే ఇల్లు లేదు.

అన్నట్టు, 2024 ఆగస్టులో వచ్చిన సీజన్ నుంచి నియమం మారింది. బ్యాటిల్ పాస్ వస్తువులు 18 నెలలు గడిచాక షాపులోకి రావచ్చని ముందే చెప్పేశారు. పాత పాస్‌లకు అది వర్తించదు. కొత్తవాళ్లకు ఇది న్యాయమే అని నా బుద్ధి చెబుతుంది. నా ఒమేగా మాత్రం ఎక్కడికీ రానందుకు లోలోపల సంతోషమే.

మొన్న ఒక స్క్వాడ్‌లో ఆ ఒమేగానే వేసుకుని వెళ్లాను, అదే సగం కవచంతో. లాబీలో కొత్త కుర్రాడొకడు నా చుట్టూ చూసి, "అన్నా, ఇది ఏ స్కిన్? షాపులో ఉందా?" అని అడిగాడు. లేదు, 2018ది అన్నాను, గొంతులో కాస్త గర్వం పలికేలా. "ఓహో" అని, ఒక్క క్షణం ఆగి, "మరి లైట్లు ఎందుకు వెలగడం లేదు?" అన్నాడు.