అమెరికా సైన్యం కూడా అంజనం చూసిందా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర పల్లెటూరు. నెల కింద మా అమ్మ గుండ్ల పేరు, మూడు తులాలది, ఇంట్లోనే మాయమైంది. పక్క ఊళ్లో అంజనం చూసే ఆయన తమలపాకులో చూసి "మీకు దగ్గరి ఆడమనిషే, ఉత్తరం దిక్కు ఇల్లు" అన్నాడు. అప్పటి నుంచి అందరికీ మా చిన్నమ్మ మీదే అనుమానం. ఆ మనిషి పేరు చెప్పాలంటే ఇంకో పదిహేను వేలు కావాలట. నాకు నమ్మకం లేదు. డిగ్రీ చదివే మా తమ్ముడు మాత్రం అమెరికా మిలిటరీయే ఇరవై ఏళ్లు ఇలాంటి శక్తులతో గూఢచర్యం చేసింది, ఏమీ లేకపోతే ఉత్తగనే చేస్తారా అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: చెల్లె, మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రస్సెల్ టార్గ్, హెరాల్డ్ పుటాఫ్ అనే ఇద్దరితో, సీఐఏ డబ్బుతో అది మొదలైంది. తర్వాత సైన్యం మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో సొంతంగా ఒక యూనిట్ పెట్టుకుంది, పేర్లు మారి మారి చివరికి స్టార్‌గేట్ అయింది. మనిషిని గదిలో కూర్చోబెట్టి ఎక్కడో దూరాన ఉన్న చోటును మనసుతో చూసి బొమ్మ గీయమనేవాళ్లు. దానికి రిమోట్ వ్యూయింగ్ అని పేరు పెట్టారు. అంజనమే, తమలపాకు లేదంతే.

ఎందుకు చేశారంటే భయంతో. రష్యా వాళ్లు ఇలాంటివి చేస్తున్నారని వీళ్లకు టెన్షన్. అసలు రష్యాలో ఆ పరిశోధనకు ఊపొచ్చింది ఎట్లనుకున్నావ్? అమెరికా జలాంతర్గామి నాటిలస్‌లో టెలీపతీ ప్రయోగం జరిగిందని 1960 ప్రాంతంలో ఫ్రెంచి పత్రికల్లో వచ్చిన కథతో. అట్లాంటిదేం జరగలేదని అమెరికా అన్నా, ఒకరి పుకారు ఇంకొకరికి భయమై, ఆ భయమే బడ్జెట్ అయింది.

ఇక ఫలితం. 1974లో పాట్ ప్రైస్ అనే ఆయన అప్పటి సోవియట్ యూనియన్‌లో (ఇప్పటి కజకిస్తాన్) సెమిపలాటిన్స్క్ దగ్గరి రహస్య కేంద్రాన్ని "చూసి" ఒక పెద్ద క్రేన్ గీశాడు, అక్కడ నిజంగానే క్రేన్ ఉంది. వీడియోల్లో చూపించేది ఇదే. ఆయన చెప్పిన మిగతావాటిలో చాలావరకు తప్పని మాత్రం చూపించరు. ఇంకోటి, డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కమ్మన్ అనే సైకాలజిస్టులు ఆ స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల కాగితాలు తిరగేస్తే, నిన్న చూసిన చోట్ల ప్రస్తావన లాంటి ఆనవాళ్లు వాటిలోనే ఉన్నాయి. ఏ వర్ణన ఏ చోటిదో జతచేయడానికి ఆ ఆనవాళ్లు చాలు. అవి తీసేస్తే జత కుదరలేదు.

ఇది చదివినప్పుడు నాకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చి మనసు పాడైంది. నాకు తొమ్మిదేళ్లు. నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో వెండి కడియాలు పోతే అంజనం వేయించారు, చూసేది చిన్న పిల్లాడే కావాలని నన్ను కూర్చోబెట్టి, బొటనవేలి గోరుకు నల్లటి జిగురు పూసి దీపం దగ్గర పెట్టి "ఆడమనిషి కనిపిస్తుందా? పచ్చ చీరనా? తలుపు దగ్గర నిలబడ్డదా?" అని ఒకటే అడుగుడు. గోరు మీద దీపం వెలుగు తప్ప నాకేం కనిపించలేదు. కన్ను మండుతోంది, లేపి పంపిస్తే చాలని అన్నిటికీ ఊఁ అన్నాను. పచ్చ చీర కట్టుకునేది మా ఇంట్లో బియ్యం చెరిగే అవ్వ. ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ వానాకాలం పోయాక కడియాలు కందుల బస్తాలో దొరికాయి.

అమెరికాలో కథ 1995లో ముగిసింది, సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక. బయటి నిపుణులతో పరీక్ష చేయించారు. జెస్సికా అట్స్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ అంకెల్లో ఏదో ఉందన్నారు, రే హైమన్ అనే సైకాలజిస్టు దానికి ఒప్పుకోలేదు. ఆ వర్ణనలు మరీ మసకగా ఉన్నాయని, వాటి మీద ఆధారపడి నిఘా వాళ్లు అడుగు ముందుకేసిన సందర్భం ఒక్కటీ లేదని నివేదిక తేల్చింది. దాంతో మూసేశారు. ఆ కాగితాలు ఇప్పుడు సీఐఏ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి, వీడియోలు పక్కన పెట్టి అవి చదవమను మీ తమ్ముణ్ని.

"ఉత్తరం దిక్కు, దగ్గరి ఆడమనిషి" అంటే మీ వాడలో ఎంతమంది అవుతారో లెక్కపెట్టు. పదిహేను వేలు ఇవ్వొద్దు. బీరువా వెనక, బియ్యం డబ్బా, ఉతికిన బట్టల మూటలు మళ్లీ ఒకసారి వెతకండి. దొరక్కపోతే గుండ్ల పేరు ఫొటోతో పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి, కుదువ పెట్టినా అమ్మినా పట్టుకోవడానికి అదే దారి. వాటన్నిటికంటే ముందు, మీ అమ్మను వెంటబెట్టుకొని రేపు పొద్దున్నే చిన్నమ్మ ఇంటికి పో. మా అవ్వ దగ్గరికి మేము పోలేదు.