హోమ్ నుంచి వచ్చిన రెండేళ్ల పాప: టెస్టులు ఎప్పుడు, మొదటి నెల ఎలా

మీరు అడిగింది ఇది: కర్ణాటకలోని ఒక దత్తత సంస్థ (హోమ్) నుంచి రెండేళ్ల పాప వచ్చే వారం బెంగళూరులో మీ ఇంటికి వస్తోంది, మెడికల్ రిపోర్టులో అన్నీ నార్మల్ అని ఉంది, మళ్లీ టెస్టులు చేయించాలా, మొదటి నెల ఏం చూసుకోవాలి అని.

చేయించాలి, కానీ వచ్చిన మర్నాడే కాదు. జ్వరం, ఆయాసం, ఆగని విరేచనాలు, చెవిలో చీము, ఏమీ తాగనంత నీరసం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేం లేకపోతే మొదటి వారంలో బరువు, పొడవు, తల చుట్టుకొలత చూపించే మామూలు చెకప్ చాలు. రక్తం రెండు మూడు వారాలాగి ఇవ్వొచ్చు. చాలామంది సెలవు ఉండగానే అన్నీ ఒక్కరోజులో కానిచ్చేయాలని చూస్తారు. పాపను కదలకుండా పట్టుకుని సూది పొడిపించేది మీరే కాబట్టి, తనకు ముందుగా గుర్తుండిపోయేదీ మీ చేతులే.

హోమ్‌లో సంతకాల హడావిడిలో అడగడం మరిచిపోయేవి కొన్నున్నాయి. ఏ పాలపొడి, ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలు, సీసానా గ్లాసా, ఎన్నింటికి తింటుంది, ఏ పక్కకి పడుకుంటుంది, ఏమని పిలుస్తారు, ఏ ఆయమ్మ దగ్గర చేరిక. తను కప్పుకునే గుడ్డ ఇస్తే తెచ్చుకోండి, ఉతక్కండి. ఆ వాసన ఒక్కటే తనతోపాటు వచ్చే పాత సామాను.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి పట్టుకెళ్లండి: దత్తత పాప, పుట్టినప్పటి వివరాలు తెలిసినంతవరకు ఇవి, కుటుంబ చరిత్ర తెలియదు, పాత పేరు ఇది, కొత్త పేరు ఇది. లేదంటే కౌంటర్లో పదిమంది వింటుండగా 'నార్మలా, సిజేరియనా?' అని మొదలవుతుంది. పాత రిపోర్టుల మీద పాత పేరే ఉంటుంది కాబట్టి ఫైల్లో రెండు పేర్లూ రాయించండి.

ఆ 'నార్మల్' రిపోర్టులో ముందు చూడాల్సింది తేదీ. ఏడాది కిందటి హిమోగ్లోబిన్ ఇవాళ్టి పాప గురించి ఏమీ చెప్పదు. పసికందుగా ఉన్నప్పుడు చేసిన హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి యాంటీబాడీ టెస్టుల్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగాన్ని ఎదుర్కోవడానికి రక్తంలో తయారయ్యేవి) కనిపించవచ్చు, అవి పాపవో కాదో తెలియదు. పద్దెనిమిది నెలలు దాటాక చేసినదైతే నమ్మొచ్చు. డాక్టరుతో మాట్లాడి ఒకే పొడుపులో ఇవన్నీ పంపించండి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి), హెచ్‌ఐవీ, సిఫిలిస్. కొన్ని మిల్లీలీటర్లకు మించి అక్కర్లేదు. గంట ముందు మోచేతి మడతలో మత్తు క్రీమ్ రాయమంటారేమో అడగండి, చాలా తేడా ఉంటుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ టెస్టులు ఆరు నెలలకు ఇంకోసారి చేయించాలా అన్నదీ అప్పుడే అడిగేయండి.

ఎక్కువగా బయటపడేది రక్తహీనత. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే డాక్టరు సాధారణంగా కిలోకి రోజుకు 3 మిల్లీగ్రాముల ఐరన్ రాస్తారు, అంటే తొమ్మిది కిలోల పాపకు 27. పొరపాటు జరిగేది సీసా దగ్గర. ఆ లెక్క ఎలిమెంటల్ ఐరన్‌ది, అంటే మందులో అసలు ఉన్న ఇనుముది. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే మందు బరువుది కాదు. డ్రాప్స్‌కీ సిరప్‌కీ గాఢత వేరు, బ్రాండు మారితే లెక్క మళ్లీ చూసుకోవాలి. పాలతో కలిపి ఇస్తే వంటికి సరిగా పట్టదు, నిమ్మరసమో బత్తాయి రసమో ఇచ్చి వేయండి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి. హోమ్ పిల్లలు పాల మీదే ఎక్కువ ఆధారపడి ఉండొచ్చు. రోజుకు అర లీటరు దాటితే అన్నానికి ఆకలుండదు, ఐరనూ అందదు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరగాలి. సరిగ్గా ఇచ్చినా పెరగకపోతే థలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం) ఉందేమో చూసే హెచ్‌పీఎల్‌సీ టెస్టు గురించి అడగండి. ముందే చేయిస్తే ఐరన్ లోపం ఆ ఫలితాన్ని మరుగుపరచగలదు. అంకె బాగుపడ్డాక కూడా రెండు మూడు నెలలు మందు ఆపకూడదు.

టీబీ కోసం మాంటూ టెస్టు (చేతి చర్మంలో వేసే చిన్న సూది) రాస్తే సోమవారమో మంగళవారమో వేయించుకోండి. 48 నుంచి 72 గంటల్లో చూడాలి. గురువారం సాయంత్రం వేయిస్తే చూసేవాళ్లు దొరకాల్సిన వేళ ఆదివారంలో పడుతుంది. కొలిచేది ఎరుపును కాదు, గట్టిపడిన మేరను. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడిన మర్నాడు మాంటూ వేస్తే ఫలితం తప్పొచ్చు. రెండూ ఒకే రోజు కావాలి, లేదా టీకా తర్వాత కనీసం నాలుగు వారాలాగాలి.

టీకా కార్డులో తేదీలుంటే ఆ డోసులు లెక్కే, మొదటినుంచి మొదలెట్టక్కర్లేదు. కార్డే లేకపోతే వేయనట్టు లెక్కగట్టి క్యాచప్ షెడ్యూల్ (వెనకబడ్డ టీకాలు వేసే పట్టిక) రాస్తారు. ఒక డోసు ఎక్కువైతే హాని లేదు, తక్కువైతేనే. ప్రభుత్వ పట్టికలోవి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉచితం.

రాత్రుళ్లు వేళ్ల సందుల్లో, పొట్ట మీద గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్ రాత్రి మెడ నుంచి పాదాల వరకు (ఇంత చిన్న పిల్లకు తలకూ రాయాలేమో డాక్టర్ని అడగండి), గోళ్ల కింద కూడా రాసి, ఉదయం కడిగి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. పాపకొక్కదానికే రాస్తే పదిహేను రోజుల్లో తిరిగొస్తుంది, ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. పొట్ట ఉబ్బి, జిడ్డుగా కంపుకొట్టే విరేచనాలైతే జియార్డియా కావచ్చు. వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వండి, నులిపురుగుల మాత్ర ఒక డోసుతో అది పోతుందని నమ్మలేం.

తిండి విషయంలో మొదటి రెండు వారాలు హోమ్ పద్ధతే. రెండేళ్లొచ్చినా మెత్తటి అన్నం తప్ప నమలడం రాకపోవచ్చు. మెదిపినది, తర్వాత పలుకుగా, తర్వాత చేత్తో పట్టుకునే ఇడ్లీ ముక్క, ఒక్కో మెట్టుకీ వారం పట్టనివ్వండి. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్లు గుండుగా ఇవ్వకండి. కక్కేదాకా తినే పిల్లలుంటారు, బుగ్గలో అన్నం దాచుకుని నిద్రపోయే పిల్లలుంటారు. కసిరితే పెరుగుతుంది. కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. అరటిపండు తనకు అందే ఎత్తులో ఎప్పుడూ ఉంచండి. అది ఎక్కడికీ పోదని నమ్మకం కుదిరాక దాచుకోవడం తగ్గుతుంది. పడుకోబెట్టే ముందు మాత్రం బుగ్గలో వేలు పెట్టి చూడండి.

నిద్ర ఇంకో సంగతి. లైటు వెలుగుతున్న గదిలో పదిమంది పక్కన పడుకున్న పిల్లకు మీ నిశ్శబ్దమైన ఏసీ గదే భయం. మీ మంచం పక్కనే కింద పరుపు వేసి, చిన్న లైటు ఉంచండి.

మొదటి రెండు మూడు నెలలు తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. అందరి చంకా ఎక్కుతుంటే 'ఎంత కలివిడి పిల్లో' అని చుట్టాలు మురిసిపోతారు. అది కలివిడితనం కాకపోవచ్చు, ఎవరైనా ఒకటే అన్న అలవాటు. ఆయమ్మలందరినీ అమ్మా అని పిలిచిన నోరది. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. పాప మీ ఒళ్లో ఉండగా నాన్నమ్మ ఆడించొచ్చు, వండొచ్చు. తిరుపతి మొక్కు, చెవులు కుట్టించడం నాలుగైదు నెలలు ఆగొచ్చు. అరుస్తున్న పిల్లను పట్టుకుని గుండు కొట్టిస్తే నెల రోజుల శ్రమ వెనక్కి పోతుంది.

మూడు నెలలైనా దెబ్బ తగిలితే మీ దగ్గరికి రాకపోయినా, గంటలకొద్దీ ఊగుతున్నా, ఉన్న మాటలు పోతున్నా బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి పిల్లల మానసిక వైద్య విభాగంలో చూపించండి.

వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. భాష మారింది కదా అందుకే మాట్లాడట్లేదని ఏడాది గడిపేస్తే నష్టం పాపకే. భాష మారిన పిల్ల నెలా రెండు నెలలు నోరు విప్పకపోయినా చప్పుడుకి తల తిప్పుతుంది, సైగలు చేస్తుంది. ఈలోగా తన కన్నడ మాటలు మీరు నేర్చుకోండి: హాలు అంటే పాలు, ఊట అంటే భోజనం, బేకు అంటే కావాలి, బేడ అంటే వద్దు, నోవు అంటే నొప్పి, సాకు అంటే చాలు. బెంగళూరులో ఉన్న మీకు ఇవి తెలిసే ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ మాత్రం పాప 'సాకు, సాకు' అంటుంటే అర్థం కాక ఇంకో ముద్ద పెట్టేస్తుంది. ఆ ఆరు మాటలూ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.