ఇంట్లో తీసిన బీపీ రీడింగులను డాక్టరు నమ్మేలా పంపడం ఎలా?

అమ్మగారు తెనాలిలో, మీరు డల్లాస్‌లో. బ్లూటూత్ బీపీ మిషన్ కొనిచ్చారు. యాప్‌లో పై అంకె ఒకరోజు 128, మర్నాడు 162. వీడియో కాల్‌లో డాక్టరుగారు వాటిని చూసి పక్కన పెట్టేశారు, ఎందుకని మీరు అడుగుతున్నారు. ఆయన పెట్టేయడంలో తప్పు లేదు. ఎప్పుడు, ఎలా తీశారో తెలియని అంకెను చూసి మందు మార్చడం కష్టం.

ముందు కఫ్ సంగతి, అంటే జబ్బకు చుట్టే పట్టీ. మిషన్‌తో వచ్చే కఫ్ చాలావాటికి 22 నుంచి 32 సెం.మీ. జబ్బకే సరిపోతుంది. భుజానికీ మోచేతికీ నడిమధ్య జబ్బ చుట్టుకొలతను టైలరు టేపుతో కొలిపించండి. 34 వస్తే ఆ కఫ్‌తో బీపీ ఉన్నదానికంటే ఎక్కువే కనిపిస్తుంది, పెద్దది విడిగా కొనాల్సిందే. బిగుతు రవిక చేతిని పైకి మడిచి తీయకూడదు, ఆ మడతే జబ్బను నొక్కేస్తుంది. వదులు చేతుల నైటీ మేలు.

మంచం మీద బాసింపట్టు వేసుకుని తీసిన రీడింగు లెక్కలోకి రాదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టాలి, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి 10 సెం.మీ. కిందికి జారితే ఆ ఒక్కదానికే అంకె 7, 8 పెరుగుతుంది. ట్యాంకుకు ఎంత కింద ఉంటే కుళాయిలో అంత ప్రెషరు, ఇదీ అంతే. కాఫీ తాగి అరగంట దాటాలి, బాత్రూముకు వెళ్లి రావాలి, 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. తీస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మీరు వాట్సాప్‌లో "ఎంతొచ్చిందమ్మా?" అని అడుగుతుంటే ఆవిడ జవాబు చెబుతూ తీసుకున్నదే ఆ 162 అయినా ఆశ్చర్యం లేదు.

అపాయింట్‌మెంటుకు ముందు 7 రోజులు చాలు. పొద్దున మాత్రకూ టిఫినుకూ ముందు నిమిషం తేడాతో రెండు, రాత్రి పడుకునే ముందు రెండు. మొదటి రోజువి వదిలేస్తే 24 మిగులుతాయి, వాటి సగటే పనికొచ్చేది. ఇంటి సగటుకు హద్దు 135/85. ఆస్పత్రిలో చూసే 140/90తో దీన్ని పోల్చకండి.

ఇక చాలామంది పట్టించుకోనిది గడియారం. బ్యాటరీలు మార్చాక కొన్ని మిషన్లలో తేదీ మొదటికొచ్చేస్తుంది, రాత్రి రీడింగు పొద్దుటిదిగా ఎక్కుతుంది. ఇద్దరు వాడే మిషన్ అయితే యూజర్ బటన్ మార్చడం మరిచిపోతారు, నాన్నగారి బీపీ అమ్మగారి ఖాతాలో పడుతుంది. ఫోన్‌తో జత చేసేటప్పుడు చాలావాటికి బ్లూటూత్ సెట్టింగుల్లోంచి కాక యాప్‌లోంచే చేయాలి.

పుస్తకంలో రాసి పంపితే పోదా అంటారేమో. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. నొప్పి డైరీ రాసే రోగుల కాగితం ఫైళ్లలో, ఎప్పుడు తెరిచారో పట్టే సెన్సర్లు రహస్యంగా పెట్టారు. రాసినదాని ప్రకారం 90 శాతం వేళకే నింపారు, సెన్సర్ లెక్కలో 11 శాతమే. ఎలక్ట్రానిక్ డైరీ ఇచ్చినవాళ్లు 94 శాతం. క్లినికల్ ట్రయల్స్‌లో వేళ దాటితే మూసుకుపోయే డైరీలు వాడేది అందుకే. అన్నీ 130, 140 అని సున్నాతో ముగిసే పుస్తకం చూస్తే డాక్టరుకు అనుమానం రాక మానదు.

కాబట్టి యాప్ రిపోర్టును పీడీఎఫ్‌గా పంపండి. పైన సగటు, జబ్బ కొలత, ఏ చెయ్యి, మాత్రలు ఏ వేళకు వేసుకుంటున్నారో నాలుగు ముక్కలు రాయండి. రెండు చేతులకూ 10 మించి తేడా ఉంటే ఎక్కువ వచ్చే చేతికే తీయాలి. మిషన్ మీద గుండె లయ తప్పిన గుర్తు పదే పదే వస్తే అదీ చెప్పండి. అప్పుడు మిషన్ అంకె నిలకడగా రాదు, ఈసీజీ తీయించాలి.

180/120 దాటితే 5 నిమిషాలాగి మళ్లీ తీయాలి. అప్పుడూ అంతే ఉంటే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఓ పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం రెండో రీడింగు కోసం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయమని ఆవిడకు ఇప్పుడే చెప్పి ఉంచండి.