పిల్లల ఆటలు, కార్టిసాల్, మా అమ్మాయి కడుపునొప్పి

ఏడో తరగతి అబ్బాయికి పరీక్షలంటే వణుకు, వ్యాయామం చేయిస్తే స్ట్రెస్ హార్మోన్ తగ్గుతుందా, రోజుకి ఎంతసేపు చేయించాలి అని అడిగారు. తగ్గుతుందండీ, కాకపోతే ఆడుతున్నప్పుడు కాదు. ఆయాసం వచ్చేలా పరిగెత్తితే ఆ హార్మోన్, అదే కార్టిసాల్, ముందు పెరుగుతుంది, తర్వాతే దిగుతుంది. అసలు లాభం ఏంటంటే, రోజూ ఆడే పిల్లలకి వేరే టెన్షన్ వచ్చినప్పుడు అది అంతగా ఎగబాకదు. ఫిన్లాండ్‌లో 8 ఏళ్ల పిల్లల చేతికి కదలికలు కొలిచే పరికరం కట్టారు, కొత్తవాళ్ల ముందు నిలబెట్టి కథ చెప్పించి లెక్కలు చేయించారు, ఉమ్ములో కార్టిసాల్ ఎంతుందో చూశారు. 2013లో వచ్చింది ఆ పరిశోధన. బాగా గెంతే పిల్లల్లో అది పెద్దగా పెరగనేలేదు. నాకు ఆ ఒక్కటీ చాలు.

అన్నట్టు కార్టిసాల్ ఎంతుందో చూపించడానికి ల్యాబ్‌కి మాత్రం పరిగెత్తకండి. మా తోటికోడలు వాళ్ల గుంటడికి పొద్దున్నే రక్తం తీయించి, ఎక్కువుందని ఒకటే ఏడుపు. నిద్ర లేచిన అరగంటకి ఎవరికైనా అది ఎక్కువే ఉంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. పైగా వాడికి సూదంటే చచ్చేంత భయం!

మాది శ్రీకాకుళం. మా అమ్మాయి స్కూలు మూడంతస్తుల బిల్డింగు, గ్రౌండు లేదు, ప్రతి శనివారం టెస్టు. శుక్రవారం రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలికేది, పొద్దున్న వేళ్లు చల్లబడిపోయి కడుపునొప్పి అనేది. సంక్రాంతికి ఆమదాలవలస దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. కళ్లంలో పిల్లలంతా మడమతో నేల మీద గీత గీసి కబడ్డీ మొదలెట్టారు. మా అమ్మాయి గీత దాటి వెళ్లి ఒకడి చొక్కా గుండీలు ఊడేదాకా పట్టు వదల్లేదు. మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చింది, పసుపు రాస్తుంటే కూడా ఆట గురించే వాగుడు, ఆ పూట చోడి అంబలి రెండోసారి అడిగి మరీ తాగింది. అలాగే నిద్రపోయింది. సెలవులైపోయాక సాయంత్రం ట్యూషన్ మాన్పించి వీధిలో ఆడుకోమని వదిలేశాను. నెల తిరిగేసరికి శుక్రవారం గొడవ సగానికి సగం తగ్గింది.

మా ఆయన ఊరుకుంటారా? కరణం మల్లీశ్వరిది మన ఊసవానిపేటే కదా, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చింది, మన పిల్లకేం తక్కువ అని పరుగు కోచింగ్‌లో చేర్పించారు. అక్కడ స్టాప్‌వాచీ, ఎవరు ఎన్ని సెకన్లో బోర్డు మీద రాయడం, ఇంటికొచ్చాక ఆయన ఆరా. సెలక్షన్ రోజు పొద్దున్న తిన్న ఇడ్లీ వాంతి చేసుకుంది. అదే చల్లటి వేళ్లు, అదే కడుపునొప్పి. ఇక చాలు, వీధికే పంపుదాం అని గట్టిగా చెప్పాను. అందుకే అంటాను, మార్కులు వేసే ఆట ఆట కాదు, ఇంకో పరీక్ష. కార్టిసాల్‌కి రెండింటికీ తేడా తెలీదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలంటుంది. మా స్కూల్లో స్పోర్ట్స్ ఫీజు తీసుకుంటారు, గేమ్స్ పీరియడ్ వస్తే లెక్కల సారు వస్తారు. పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే "పదో తరగతి అయ్యాక ఆడుకోవచ్చు మేడమ్" అన్నారు. పదయ్యాక ఇంటర్‌లో ఆడనిస్తారా ఏటి?

మీవాడికి కడుపునొప్పి రాత్రి నిద్రలో కూడా లేపుతున్నా, బరువు తగ్గుతున్నా ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. అవేమీ లేకపోతే సాయంత్రం ఒక గంట ఖాళీ చేయించి బయటికి పంపండి. ఏ ఆట అన్నది వాడే చూసుకుంటాడు.